నీరంటని కోటింగ్‌తో మంచు ఆగుతుందా? ప్రాజెక్టుగా తీసుకోవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్ మూడో ఏడు. నీరంటని కోటింగ్ వేస్తే ఫ్రిజ్ కాయిల్‌కి మంచే పట్టదంటాడు. దాని మీదే ప్రాజెక్టు చేసి ఆ రంగంలోకే వెళ్తానంటున్నాడు. ఒప్పుకోవచ్చా?

జవాబు: ఒప్పుకోండి. 'మంచే పట్టదు' అన్న మాట ఒక్కటి మాత్రం వదిలేయమనండి. తామరాకు మీద పోసిన నీరు జారిపోయేది ఆకు గరుకుల మధ్య గాలి ఉండబట్టే. చల్లటి లోహం మీద ఆవిరి ఆ సందుల్లోనే బొట్టుగా పుడుతుంది. గాలి ఉండాల్సిన చోట నీరు చేరి బొట్టు అతుక్కుపోతుంది. అంచున ఒక్క బొట్టు గడ్డకడితే చాలు, పక్క బొట్ల ఆవిరిని లాక్కుంటూ వాటి వైపు ఐసు పెరిగి, తాకినదాన్నల్లా గడ్డకట్టిస్తుంది. కాబట్టి పూత మంచును ఆలస్యం చేస్తుందే గానీ ఆపదు. ఏసీలో చల్లబడే కాయిల్ (ఇవాపరేటర్) మీద ఉండే పల్చటి రేకులకి, అంటే ఫిన్స్‌కి, చాలాచోట్ల నీటిని పల్చగా పరిచే పూతే వేస్తారు, ఫిన్స్ మధ్య బొట్లు ఇరుక్కుని గాలికి అడ్డుపడకుండా. ఆవిరిని చల్లబరిచి నీరుగా మార్చే కండెన్సర్‌లో మాత్రం బొట్లుగా రాలడమే మేలు: పొరగా కారేదానికన్నా వేడి ఎన్నో రెట్లు వేగంగా బయటికి పోతుంది. అక్కడ తేలని చిక్కు పూత మన్నికే.

ప్రాజెక్టు చిన్నదే. 4 సెం.మీ. అల్యూమినియం రేకులు రెండు తీసుకోవాలి. ఒకదాన్ని ఆసిటోన్‌తో తుడిచి, మరిగే నీటిలో అరగంట ఉంచి, 100 మి.లీ. ఇథనాల్‌లో 0.28 గ్రాముల స్టియరిక్ ఆసిడ్ కలిపిన ద్రావణంలో రాత్రంతా నానబెట్టి, 80 డిగ్రీల దగ్గర ఆరబెట్టాలి. రెండోది పూత లేకుండానే ఉంచాలి. రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి థర్మల్ పేస్ట్‌తో 12706 పెల్టియర్ (కరెంటు ఇస్తే ఒక వైపు చల్లబడి, రెండో వైపు వేడెక్కే పలక) మీద −10 డిగ్రీలకు చల్లబరచాలి. వేడి వైపు హీట్‌సింక్, ఫ్యాన్ బిగించకుండా కరెంటు ఇస్తే పెల్టియర్ కాలిపోతుంది.

ఎక్కువమంది తప్పు చేసేది తేమ దగ్గర. గది 30 డిగ్రీలు, తేమ 60 శాతం ఉంటే డ్యూ పాయింట్ (గాలిలోని ఆవిరి నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) సుమారు 21 డిగ్రీలు. వర్షం పడిన రోజు లెక్క మారిపోతుంది. తేమ రాయని రీడింగులు రెండు రోజులవి పోల్చడానికి పనికిరావు. మంచు పట్టించి కరిగించడం పదిసార్లు చేసి, ప్రతిసారీ కాంటాక్ట్ యాంగిల్ (నీటి బొట్టు అంచు రేకుతో చేసే కోణం; అది ఎంత ఎక్కువైతే నీరు అంత అంటనట్టు) కొలవాలి. అది ఎలా పడిపోతుందో చూపించే గ్రాఫే ఈ ప్రాజెక్టుకు ప్రాణం.

ఇక ఉద్యోగం. పూతల పరిశోధనలో బీటెక్‌తోనే చోటు దొరకడం కష్టం, ఎంటెక్ లేదా పీహెచ్‌డీ కావాలి. ఎంటెక్ ప్రవేశానికి రాసే గేట్ మూడో ఏట నుంచే రాయొచ్చు. ఎంఈ (మెకానికల్) పేపర్ సరిపోతుంది. ఎక్స్‌ఈ (ఇంజనీరింగ్ సైన్సెస్) పేపర్‌లో మెటీరియల్స్ సైన్స్, థర్మోడైనమిక్స్ తీసుకుంటే ఈ పనికి ఇంకా దగ్గర. హైదరాబాద్‌లోనే ఉన్న కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐలో సోల్-జెల్ (ద్రావణాన్ని జెల్‌గా మార్చి వేసే) పూతల విభాగం ఉంది. అక్కడ ప్రాజెక్టు ట్రైనీ అవకాశాలు ఉన్నాయేమో వెబ్‌సైట్‌లో చూడమనండి. మెకానికల్ పిల్లలు సాధారణంగా తడబడేది సర్ఫేస్ కెమిస్ట్రీలో, అంటే ఉపరితలాల రసాయనశాస్త్రంలో. ఈ సెలవుల్లో ముందు అదే మొదలుపెట్టించండి.