నవంబర్ గేమ్‌కి ఫిబ్రవరి నుంచే డబ్బు

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చేతికొచ్చే జీతం 68,000. అద్దె, తిండి, బండి ఖర్చులు కలిపి 30,000. ఖమ్మంలో ఉన్న అమ్మానాన్నలకు 12,000 పంపుతాను. క్రెడిట్ కార్డు మీద రెండు ఈఎంఐలున్నాయి: గేమింగ్ లాప్‌టాప్‌కి 5,200 (జూన్ దాకా), ఫోన్‌కి 4,200 (ఆగస్టు దాకా). సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలవారీ పెట్టుబడి) 3,000. మిగిలే 13,600 గేములకు, సబ్‌స్క్రిప్షన్లకు, బయటి తిండికి, కార్డు మినిమమ్‌కు పోతోంది. ఈఎంఐలు కాక అదే కార్డులో 38,000 బాకీ ఉంది. నెలనెలా 1,900 చొప్పున మినిమమ్ కడుతున్నాను. కార్డు లిమిట్ 1,20,000. బ్యాంకులో 45,000 ఉన్నాయి. నవంబర్‌లో జీటీఏ 6 గేమ్ వస్తోంది కాబట్టి దాన్ని ఆడే కన్సోల్ పీఎస్5 (ప్లేస్టేషన్ 5, ధర 54,990) తొమ్మిది నెలల నో కాస్ట్ ఈఎంఐలో ఇప్పుడే, ఫిబ్రవరిలోనే తీసుకుందామనుకుంటున్నా. సెప్టెంబర్‌లో కొత్త ఐఫోన్ కూడా కావాలి. డల్లాస్‌లో ఉన్న అక్క తెస్తానంటోంది. ఈ సరదా మానుకోవడమే మేలా?

జవాబు: మానుకోనక్కర్లేదు. మీ జీతంలో కన్సోల్‌కీ గేమ్‌కీ చోటుంది. నవంబర్‌లో రొక్కం పెట్టి కొనగలరు. అయితే ఫోన్ ఈ ఏడాది కుదరదు, కన్సోల్ ఇప్పుడే వద్దు. ఆ రెండింటి కంటే ముందు తేల్చాల్సింది 38,000 బాకీ.

నెలకు 3.5 శాతం వడ్డీ అనుకుంటే 38,000 మీద 1,330 అవుతుంది. దాని మీద 18 శాతం జీఎస్టీ 239. కలిపి 1,569. మీరు కట్టే 1,900లో అసలుకు చేరేది 330 మాత్రమే. నవంబర్ దాకా ఇలాగే సాగితే వడ్డీ కిందే దాదాపు 14,000 పోతాయి. పెద్ద గేములు దాదాపు మూడు కొత్తగా కొనే డబ్బది. ఇంకో నష్టం బిల్లులో విడిగా కనిపించదు. పాత బాకీ పూర్తిగా తీరేదాకా కొత్తగా గీకిన ప్రతి రూపాయికీ గీకిన రోజు నుంచే వడ్డీ పడుతుంది, నలభై యాభై రోజుల గడువు వర్తించదు. మీరు కార్డుతో కొనే బిర్యానీ మీద కూడా వడ్డీ కడుతున్నారన్నమాట.

అందుకని ఈ నెలే తెంచేయండి. బ్యాంకులోంచి 25,000, ఈ నెల మిగులులోంచి 13,000. ఒక్క నెల బయటి తిండి, కొత్త గేములు ఉండవు. కట్టాక వచ్చే బిల్లులో మళ్లీ కొన్ని వందల వడ్డీ కనిపిస్తే కంగారుపడకండి. బిల్లు తయారైన రోజు నుంచి మీరు కట్టిన రోజు దాకా నడిచిన వడ్డీ అది. దాన్ని కూడా పూర్తిగా కట్టేయాలి. చిన్న మొత్తమే కదా అని వదిలేస్తే చక్రం మళ్లీ మొదలవుతుంది. అది సున్నా అయ్యేవరకు కార్డును ఫుడ్, షాపింగ్ యాప్‌ల నుంచి తీసేయండి.

మీరు గమనించని చిక్కు ఇంకొకటుంది. ఈఎంఐలో మిగిలిన అసలు కూడా కార్డు లిమిట్‌ను పట్టేస్తుంది. లాప్‌టాప్‌కి ఐదు వాయిదాలు 26,000, ఫోన్‌కి ఏడు వాయిదాలు 29,400, బాకీ 38,000. మొత్తం 93,400, అంటే లిమిట్‌లో 78 శాతం. సిబిల్ స్కోరుకు, అంటే అప్పులు తీర్చే తీరును బట్టి మీకు పడే మార్కుకు, 30 శాతం లోపు మంచిదంటారు. ఇప్పుడు దీని మీద 54,990 పెడితే లిమిటే దాటిపోతుంది. కొత్త కార్డు తీసుకుని కొందామనే ఆలోచన వస్తే దయచేసి అక్కడే ఆగండి.

ఇక నో కాస్ట్ ఈఎంఐ. సున్నా వడ్డీ పథకాలను రిజర్వ్ బ్యాంకు 2013లోనే వద్దంది. కాబట్టి బ్యాంకు వడ్డీ వేస్తుంది, ఆ మేరకు ధరలో డిస్కౌంట్ ఇస్తారు. మీ లెక్కే తీసుకుందాం. నెలకు 6,110 చొప్పున తొమ్మిది నెలలు, ఏడాదికి 15 శాతం వడ్డీ అనుకుందాం. అందులో వడ్డీ భాగం సుమారు 3,285. అది డిస్కౌంట్‌గా తిరిగొస్తుంది కానీ దాని మీద పడే జీఎస్టీ 591 మాత్రం మీదే. ప్రాసెసింగ్ ఫీజు 199 అనుకుంటే పన్నుతో 235. మొత్తం 826 అదనం. ఇది పెద్ద దెబ్బేమీ కాదు, ఒప్పుకుంటాను. ఒకేసారి కట్టేవారికి కొన్ని కార్డుల మీద వచ్చే తక్షణ డిస్కౌంట్ ఈఎంఐకి లేకపోతే నష్టం పెరుగుతుంది. వస్తువు వెనక్కిచ్చినా ప్రాసెసింగ్ ఫీజు చాలాసార్లు తిరిగి రాదు. నాకు అసలు అభ్యంతరం వేరే చోట ఉంది. గేమ్ నవంబర్‌లో, కన్సోల్ ఫిబ్రవరిలో. జీటీఏ 6 మొదట 2025 చివర్లో అన్నారు, తర్వాత 2026 మే 26 అన్నారు, ఇప్పుడు 2026 నవంబర్ 19. తేదీ మళ్లీ జరిగితే దాచుకున్న డబ్బు మీ దగ్గరే ఉంటుంది, ఈఎంఐ మాత్రం జరగదు.

ఆగితే ధర తగ్గుతుందా అంటే, వస్తువును బట్టి. అన్నింటికీ ఒకే సూత్రం పెట్టుకుంటే దెబ్బతింటారు.

కన్సోల్ ధర పాత తరాల్లో కాలం గడిచేకొద్దీ తగ్గేది, ఈ తరంలోనైతే పెరిగింది. పీఎస్5 మన దగ్గరకు 2021 ఫిబ్రవరిలో 49,990కి వచ్చి, 2022 నవంబర్‌లో 54,990 అయింది. అమెరికాలో 2025 ఆగస్టులో 499.99 డాలర్ల నుంచి 549.99కి పెంచారు. కాబట్టి ధర పడిపోతుందని ఏళ్ల తరబడి కూర్చోవద్దు. దసరా, దీపావళి సేల్ ఒక్కటే మీకు అనువైన సమయం. ఈసారి ఆ సేల్ గేమ్‌కి ముందే వస్తుంది. ధర ఇంకా పెరిగితే ఎలా అంటారా, అందుకే కింది లెక్కలో కొంచెం ఎక్కువే దాచమంటున్నాను.

గేములది పూర్తిగా ఎదురు దారి. విడుదల రోజున 4,999 పెట్టిన గేమ్ ఏడాది తిరిగేసరికి సేల్‌లో సగం ధరకు దొరకడం మామూలే. ఏటా సెప్టెంబర్‌లో వచ్చే ఫుట్‌బాల్ గేములకైతే రెండు మూడు నెలలు ఆగితే చాలు. ఒక్క నింటెండో సొంత గేములే ధర పెద్దగా దిగవు. అందుకే ఏడాదికి రెండు గేములు ఎంచుకోండి, మొదటి రోజే ఆడకపోతే మనసాగనివి. వాటికి పూర్తి ధర పెట్టండి. జీటీఏ 6 ఒకటి అనుకోండి. మిగతావన్నీ విష్‌లిస్ట్‌లో పెట్టి సేల్ కోసం చూడండి. డిజిటల్ గేమ్ స్టాక్ అయిపోయే వస్తువు కాదు. ముందుగా బుక్ చేసినందుకు దొరికేది గేమ్‌లోని పాత్రకు ఒక బట్టో బండి రంగో. రీఫండ్ నియమాలు కూడా గుర్తుంచుకోండి. పీసీ గేములు అమ్మే స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కొస్తుంది. ప్లేస్టేషన్ స్టోర్‌లో 14 రోజుల గడువున్నా డౌన్‌లోడ్ మొదలుపెట్టారంటే మామూలుగా రాదు. ఆటో డౌన్‌లోడ్ ఆపేసి కొనండి.

డిస్క్ మోడల్ తీసుకోవాలా, డిజిటల్ మోడలా? 2024 ఏప్రిల్‌లో పీఎస్5 స్లిమ్ మోడల్ వచ్చినప్పుడు రెంటికీ తేడా 10,000. ఒక డిస్క్ 4,999కి కొని, ఆడేశాక అమ్మితే 2,500 వచ్చిందనుకుందాం. నాలుగు గేములకు ఆ తేడా తీరిపోతుంది. తేడా అంతకన్నా తక్కువుంటే ఇంకా తొందరగా తీరుతుంది. సెకండ్ హ్యాండ్ డిస్కులు కొనుక్కునే వీలు అదనం. డిజిటల్ గేమ్‌ను అమ్మలేరు, తమ్ముడికి ఇవ్వలేరు. అయితే కొన్ని గేముల పెట్టెల్లో డిస్క్ ఉండదు, కోడ్ కాగితమే ఉంటుంది. వాటిని అమ్ముకోలేరు కాబట్టి పెట్టె మీద చూసి కొనండి.

కన్సోల్‌ను 54,990 దగ్గరే ఆపి లెక్కేసేవాళ్లు ఎక్కువ. ఏడాదిలోపే రెండో కంట్రోలర్, ఆన్‌లైన్ ఆడటానికి ప్లేస్టేషన్ ప్లస్ సబ్‌స్క్రిప్షన్ వచ్చి చేరతాయి. స్లిమ్‌లో 1 టీబీ స్టోరేజ్ ఉన్నా వాడుకోగలిగేది దాదాపు 850 జీబీ. 100 జీబీ దాటే గేములు ఏడెనిమిది పెడితే నిండుతుంది. అప్పుడు అదనపు స్టోరేజ్ కోసం కొత్త ఎస్ఎస్‌డీ కొనకుండా ఆడేసినవి తీసేయండి, సేవ్ ఫైళ్లు పోవు. కొనక తప్పకపోతే జెన్ 4 ఎన్‌వీఎంఈ రకం, సెకనుకు 5,500 ఎంబీ చదివే వేగం, హీట్‌సింక్ ఉన్నదే తీసుకోవాలి. చవకగా దొరికే పాత రకం పనిచేయదు.

ఇంకో దారి కూడా ఉంది. మీ దగ్గర గేమింగ్ లాప్‌టాప్ ఉంది కదా. జీటీఏ తయారుచేసే రాక్‌స్టార్ పాత గేములను చూస్తే, జీటీఏ 5 కన్సోళ్లకు 2013 సెప్టెంబర్‌లో, పీసీకి 2015 ఏప్రిల్‌లో వచ్చింది. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 కన్సోళ్లకు 2018 అక్టోబర్‌లో, పీసీకి 2019 నవంబర్‌లో. ఈసారి పీసీ తేదీ ప్రకటించలేదు. కానీ ఏడాది, ఏడాదిన్నర ఆగే ఓపిక ఉంటే కన్సోల్ ఖర్చే ఉండకపోవచ్చు. ఆ ఓపిక లేదంటే తప్పేమీ లేదు, నవంబర్‌కే లెక్కేద్దాం.

మార్చి నుంచి 13,600లో 6,000 అత్యవసర నిధికి, 6,000 కన్సోల్ కోసం విడిగా దాచే గ్యాడ్జెట్ ఖాతాకు, 1,600 నెలవారీ గేములకూ సబ్‌స్క్రిప్షన్లకూ. బయటి తిండి 30,000లోనే సర్దుకోవాలి. జూలైలో లాప్‌టాప్ ఈఎంఐ 5,200 చేతికొస్తుంది, దాన్ని చెరి సగం రెండు ఖాతాల్లో కలపండి. సెప్టెంబర్ నుంచి ఫోన్ ఈఎంఐ 4,200 కూడా అంతే. అప్పుడు గ్యాడ్జెట్ ఖాతాలో జూన్ చివరికి 24,000, ఆగస్టు చివరికి 41,200, అక్టోబర్ చివరికి 62,600 ఉంటాయి. కన్సోల్ పోను 7,600 మిగులుతాయి. సేల్‌లో నాలుగైదు వేలు తగ్గితే కంట్రోలర్ కూడా వస్తుంది. సేల్ అక్టోబర్ జీతానికి ముందే వచ్చి కొన్ని వేలు తక్కువపడితే, అప్పటికి ఖాళీ అయిన కార్డుతో కొని బిల్లు గడువులో పూర్తిగా కట్టేయండి.

గ్యాడ్జెట్ ఖాతాను జీతం పడే ఖాతాలో ఉంచవద్దు. వేరే బ్యాంకులో పొదుపు ఖాతా తెరిచి, దానికి యూపీఐ లింక్ చేయకండి. జీతం పడిన మర్నాడే డబ్బు అందులోకి దానంతటదే వెళ్లేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టండి. ఏడాదిలోపు వాడే డబ్బును షేర్లలో, ఈక్విటీ ఫండ్లలో పెట్టవద్దు. వడ్డీ ఎంతొస్తుందా అని కూడా చూడకండి, ఈ మొత్తానికి అది చిల్లరే. ఆ ఖాతాలో డబ్బు లేకపోతే వస్తువు లేదు, ఎంత మంచి ఆఫర్ వచ్చినా సరే.

అత్యవసర నిధి బ్యాంకులో మిగిలిన 20,000తో మొదలై అక్టోబర్ చివరికి 82,600 అవుతుంది. మీకూ ఇంటికీ కలిపి నెలకు 42,000 తప్పని ఖర్చు కాబట్టి కనీసం మూడు నెలలకు 1,26,000 కావాలి. 2027 ఫిబ్రవరికి దాదాపు అక్కడికి చేరుతుంది. ఆరు నెలల మొత్తం ఆ తర్వాతి లక్ష్యం. ఇందులో 20,000 పొదుపు ఖాతాలో, మిగతాది లిక్విడ్ ఫండ్‌లో (స్వల్పకాలిక రుణపత్రాల్లో పెట్టే మ్యూచువల్ ఫండ్) పెట్టండి. తక్షణ ఉపసంహరణ సౌకర్యమున్న ఫండ్లలో రోజుకు 50,000 లేదా విలువలో 90 శాతం, ఏది తక్కువైతే అది వెంటనే ఖాతాకొస్తుంది. ఈలోపు మీ కంపెనీలో ఉద్యోగాల కోత మాట వినిపిస్తే గ్యాడ్జెట్ ఖాతా మొత్తాన్ని ఇందులో కలిపేయండి. సిప్ ఆపకండి. అమ్మానాన్నలకు ఆరోగ్య బీమా సంగతి మీరు రాయలేదు. కంపెనీ పాలసీలో వాళ్లున్నారో లేదో ఈ వారమే చూడండి. లేకపోతే కన్సోల్ కంటే ముందు వాళ్ల పాలసీ తీసుకోవాలి, గ్యాడ్జెట్ వాటా ఆ మేరకు తగ్గుతుంది.

ఫోన్‌ సంగతికొస్తే, ఒక ఫోన్ వాయిదాలు ఆగస్టులో తీరి సెప్టెంబర్‌లో ఇంకొకటి మొదలైతే జీతానికి ఊపిరి ఉండదు. బ్యాటరీ ఆరోగ్యం 80 శాతం కిందకు దిగితే బ్యాటరీ మార్పించుకుని ఇంకో ఏడాది వాడండి. 2027 సెప్టెంబర్‌లో కూడా కొత్త మోడల్ జోలికి పోకుండా అంతకు ముందటి ఏడాది మోడల్ చూడండి. 79,900కి వచ్చిన ఐఫోన్ 16, 17 విడుదల కాగానే 69,900 అయింది.

అక్క తెచ్చే ఫోన్‌లో అనుకున్నంత మిగలదు. ఉదాహరణకు 2025లో వచ్చిన ఐఫోన్ 17 విడుదల ధర అక్కడ 799 డాలర్లు, డల్లాస్‌లో 8.25 శాతం సేల్స్ ట్యాక్స్ కలిపితే 865. డాలరు 90 రూపాయల లెక్కన 77,850. ఇక్కడి విడుదల ధర 82,900. మిగిలేది 5,000, ఇక్కడి బ్యాంకు ఆఫర్ వస్తే అదీ ఉండదు. పైగా అమెరికా మోడల్‌లో సిమ్ ట్రే లేదు, ఈసిమ్ ఒక్కటే. పీఎస్5ది మరీ తేలిపోయే లెక్క. 2025 ఆగస్టు నాటి 549.99 డాలర్లకు అదే పన్ను కలిపితే 595, అంటే 53,550 రూపాయలు. సూట్‌కేసులో మోసుకొచ్చి, కస్టమ్స్ పరిమితి చూసుకుని, ఇక్కడి వారంటీ వదులుకుని మిగుల్చుకునేది 1,400. అక్కను ఆ శ్రమ పెట్టవద్దు.

ఈ ఆదివారం ఒక గంట కూర్చుని చేయాల్సిన పని ఒకటుంది. యూపీఐ యాప్‌లో ఆటోపే, కార్డు యాప్‌లో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్స్ తెరిచి, ఏయే సబ్‌స్క్రిప్షన్లకు నెలనెలా డబ్బు పోతోందో రాయండి. పోయిన నెల తెరవనివి రద్దు చేయండి. కార్డు మీద ఆటోమేటిక్‌గా డబ్బు కోసే 24 గంటల ముందు బ్యాంకు మీకు మెసేజ్ పంపాలన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన. ఇప్పుడు మర్చిపోయినవి ఆ మెసేజ్‌లో దొరుకుతాయి. అందులోని లింకుతోనే రద్దు చేయవచ్చు.