ఒకే గంట, రెండు స్వరాలు

ప్రశ్న: ప్రాచీన చైనా కంచు గంట ఒక్కటే రెండు స్వరాలు పలుకుతుందట. ఎలా? పైనున్న బొడిపెలు అలంకారానికేనా?

జవాబు: 1978లో హుబే రాష్ట్రం సుయిజౌలో, జెంగ్ రాజ్యాన్ని ఏలిన ‘యీ’ అనే పాలకుడి సమాధిలో బయటపడ్డ 65 గంటలు ఇందుకు గొప్ప ఉదాహరణ. క్రీ.పూ. 5వ శతాబ్దం నాటివి. పెద్దది 203.6 కిలోలు, చిన్నది 2.4 కిలోలే!

కిటుకంతా ఆకారంలో ఉంది. మన గుడి గంట నోరు గుండ్రన. దీని నోరు బాదంగింజలా ఉంటుంది. నాలుక ఉండదు, బయటి నుంచే కొట్టాలి. కింది అంచుకు మధ్యలో కొడితే ఒక స్వరం, మధ్యకూ మూలకూ నడుమ కొడితే ఇంకొకటి. మొదటి స్వరంలో దాదాపు కదలని చోటే రెండో స్వరంలో బాగా కదులుతుంది, అందుకే అవి విడివిడిగా వినిపిస్తాయి. వాటి మధ్య దూరం షడ్జమం (స) నుంచి గాంధారం (గ) రకాలైన సాధారణ గాంధారానికో, అంతర గాంధారానికో ఉన్నంత. దెబ్బ చోటు తప్పితే రెండూ కలగాపులగమవుతాయి. అందుకే కాబోలు, కొట్టాల్సిన చోటనే స్వరం పేరు బంగారంతో పొదిగారు. ఎంత ముందుచూపు!

శ్రుతి సరిచేయడానికి లోపలి గోడను అరగదీసేవారు. ఎక్కువ అరిగితే మళ్లీ పూడ్చలేరు.

ఇక బొడిపెలు. సాధారణంగా ముఖానికి 18, తొమ్మిదేసి చొప్పున రెండు గుంపులు. అనవసరపు పైస్వరాలను అవి అణుస్తాయని కొందరంటారు. నాదం త్వరగా ఆగడానికి అసలు కారణం మాత్రం ఆ చదును ఆకారమే. గుండ్రటి గంటలా మోగుతూనే ఉంటే పాట అలుక్కుపోయేది.