అమ్మాయి రిట్లు వేస్తానంటోంది, పంపమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి లా చివరి సంవత్సరం. పాసవగానే నేలపాడు హైకోర్టులో రిట్లు (అధికారుల ఉత్తర్వుల మీద నేరుగా హైకోర్టులో వేసే పిటిషన్లు) చూసే సీనియర్ దగ్గర చేరతానంటోంది. 'ముందు అప్పీలుకు వెళ్లండి' అని హైకోర్టు చాలా రిట్లు కొట్టేస్తుందట కదా, ఆ పనిలో భవిష్యత్తు ఉంటుందా? ఆడపిల్ల రోజూ అంత దూరం వెళ్లడమెందుకు, గుంటూరు జిల్లా కోర్టు చాలదా?
– ఓ తండ్రి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఏటా ఈ రోజుల్లో ఇదే ప్రశ్న వస్తుంది. లోపల ఉన్న దిగులు మాత్రం ఒకటే: ఇన్నేళ్లు ఫీజులు కట్టాం, పిల్ల ఎప్పుడు నిలదొక్కుకుంటుంది? ఎక్కడ చేరినా మొదటి రెండు మూడేళ్లు ఖర్చులకు ఇంటి నుంచి ఇవ్వాల్సిందే. అది ఈ వృత్తిలో మామూలే, మీ అమ్మాయి వెనకబడినట్టు కాదు. ధైర్యంగా ఉండండి.

హైకోర్టు అలా అంటుందన్నది నిజమే. కానీ రాజ్యాంగం 226వ అధికరణం కింద తనకున్న అధికారానికి కోర్టు తానే గీసుకున్న గీత అది. 1998లో వర్ల్‌పూల్ కేసులో సుప్రీంకోర్టు ఆ గీత ఎక్కడ దాటవచ్చో చెప్పింది. ప్రాథమిక హక్కు దెబ్బతిన్నా, మన మాట వినకుండా ఉత్తర్వు ఇచ్చినా, అధికార పరిధి లేనివారు ఇచ్చినా, చట్టాన్నే సవాలు చేసినా నేరుగా రావచ్చు. నాకిది న్యాయంగానే తోస్తుంది. నోటీసైనా ఇవ్వకుండా షాపుకు తాళం వేస్తే, వెళ్లి అప్పీలు వేసుకుని నెలల తరబడి ఎదురు చూడమనడం ఏం ధర్మం? లెక్కల్లో తేడా మీద వచ్చిన తగాదా అయితే రికార్డులు తిరగేయాల్సింది అప్పీలు అధికారే.

నా అనుమానమల్లా పిల్లల మోజు మీదే. అఫిడవిట్ వేస్తే వారంలో స్టే వస్తుందనుకుంటారు. మన రాష్ట్ర వ్యాట్ (అమ్మకపు పన్ను) చట్టంలో అప్పీలుకు గడువు 30 రోజులు, ఆలస్యమైతే మహా అయితే ఇంకో 30. అది దాటాక రిట్ వేసిన గ్లాక్సో కంపెనీకి హైకోర్టులో ఊరట దక్కినా, 2020లో సుప్రీంకోర్టు దాన్ని రద్దు చేసింది. కాకినాడ పన్నుల ఆఫీసు కేసు అది. బ్యాంకు బాకీల రిట్ల విషయంలోనూ 2010లోనే సుప్రీంకోర్టు గట్టిగా హెచ్చరించింది.

నా దగ్గర సలహా తీసుకున్న విజయవాడ కుర్రాడొకడు జూనియర్‌గా చేరిన కొత్తలో, బ్యాంకు ఇల్లు స్వాధీనం చేసుకుంటోందని ఒకాయన వచ్చాడట. మనవాడు రిట్ టైపు చేయడం మొదలుపెట్టాడు. సీనియర్ మాత్రం ఆయన ఫోన్ తీసుకుని, తలుపుకు అంటించిన నోటీసు ఫొటో పెద్దది చేసి తేదీ చూశారు. 38వ రోజు. విశాఖలోని డీఆర్‌టీకి (బ్యాంకు బాకీల కేసులు చూసే ట్రిబ్యునల్‌కు) వెళ్లడానికి ఉన్నవి 45 రోజులే. ఆ రాత్రే కాగితాలు సిద్ధం చేశారు. రిట్ వేసి, అది కొట్టేసే సరికి ఆ వారం కాస్తా గడిచిపోయేది.

అందుకే మొదటి ఏడాది రెండేళ్లు జిల్లా కోర్టులో సాక్ష్యాలు, అప్పీళ్లు, గడువులు చూసి, ఆ తర్వాత నేలపాడు వెళ్లమంటాను. ఏ మెట్టు ఎక్కాలో తెలిసినవాళ్లకే ఏ మెట్టు దాటేయొచ్చో తెలుస్తుంది.

అయితే మీరు గుంటూరు అంటున్నది ఇందుకు కాదు కదా! 'ఆడపిల్ల అంత దూరమెందుకు' అన్న మాట నాకు నచ్చలేదండీ. కొడుకైతే ఈ మాట రాసేవారా? దయచేసి ఆమె దగ్గర ఆ మాట అనకండి. ఈ సెలవుల్లో వారం గుంటూరు కోర్టులో, వారం నేలపాడులో కూర్చోనివ్వండి. సాయంత్రం ఇంటికొచ్చాక ఏం చూసిందో అడిగి, చెప్పేది పూర్తిగా వినండి.