పేలిన నక్షత్రం ఫోటో గోడకు పెట్టాలంటే

హాల్లో పెద్ద గోడకు అంతరిక్ష టెలిస్కోప్ తీసిన "పేలుతున్న నక్షత్రం" ఫోటో పెట్టాలనుంది, ఏది ఎంచుకోవాలి, ప్రింటు ఎలా తీయించాలి అని అడిగారు. మా ఇంట్లో చాలాకాలంగా ఇలాంటివే ఉన్నాయి కాబట్టి చెబుతున్నాను.

గోడ నిజంగా పెద్దదైతే ఒక్క ఫోటోతో సరిపెట్టకండి. వి838 మోనోసెరోటిస్ అనే నక్షత్రానివి నాలుగు, తేదీల వరుసలో పెట్టండి. ఇది 2002 మొదట్లో ఒక్కసారిగా భగ్గుమంది. కొద్దికాలం పాటు సూర్యుడికి దాదాపు 6 లక్షల రెట్ల కాంతితో వెలిగింది. మనకు సుమారు 20,000 కాంతి సంవత్సరాల దూరం. హబుల్ అంతరిక్ష టెలిస్కోప్ అదే ఏడాది మే, సెప్టెంబర్, అక్టోబర్, డిసెంబర్ నెలల్లో దాన్ని ఫోటో తీసింది. నాలుగూ ఒకే సైజులో పక్కపక్కన ఉంటే, ఎర్రటి నక్షత్రం చుట్టూ ధూళి మేఘం ఉబ్బిపోతున్నట్టు కనిపిస్తుంది. మొదటి ఫోటోలో 4 కాంతి సంవత్సరాల వెడల్పున్నది చివరిదానికి 7 అయింది. ఏడు నెలల్లో మూడు కాంతి సంవత్సరాలు! ఏ పదార్థమూ అంత వేగంగా పోలేదు.

అసలు ఆ ధూళి ఎక్కడికీ పోలేదు, ముందునుంచీ అక్కడే ఉంది. నక్షత్రం నుంచి నేరుగా వచ్చిన వెలుగు మనకు ముందు చేరింది. పక్కలకు వెళ్లి, ధూళికి తగిలి మనవైపు మళ్లిన వెలుగు ఆలస్యంగా వచ్చింది. నెలలు గడిచేకొద్దీ ఇంకా దూరంలోని ధూళి వెలుగులోకి వచ్చింది. దీన్నే కాంతి ప్రతిధ్వని అంటారు. నక్షత్రానికీ మనకూ మధ్యనున్న ధూళి మీదుగా వచ్చే వెలుగు అదనంగా తిరగాల్సిన దూరం చాలా తక్కువ. అందుకే ఆ వలయం కాంతికన్నా వేగంగా విచ్చుకున్నట్టు తోస్తుంది. మా ఇంటికొచ్చిన పిల్లలకు ఇది చెబితే మళ్లీ మొదటి ఫోటో దగ్గరకెళ్లి చూస్తారు. ఒంటరి ఫోటో ఎంత అందంగా ఉన్నా ఆ పని చేయలేదు.

ఒక్కటే పెట్టాలనుకుంటే ఈటా కెరీనే. 1843లో ఇది ఆకాశంలో సిరియస్ తర్వాత అత్యంత ప్రకాశవంతమైన నక్షత్రం. అప్పుడు ఎగజిమ్మిన వాయువు, ధూళి ఇప్పటికీ రెండు పెద్ద బుడగలుగా విస్తరిస్తూనే ఉన్నాయి, నక్షత్రం మాత్రం బతికే ఉంది. నిమ్మళమైన ఫోటో కావాలంటే 2021లో హబుల్ 31వ వార్షికోత్సవానికి విడుదలైన ఏజీ కెరీనే అనే నక్షత్రం ఫోటో చూడండి. పడకగదికి బాగుంటుంది.

"ఈ రంగులు నిజమేనా?" అని చూసినవాళ్లంతా అడుగుతారు. హబుల్ కెమెరా ఒక్కో ఫిల్టర్‌తో నలుపు తెలుపులోనే తీస్తుంది. తర్వాత వాటికి రంగులిచ్చి కలుపుతారు. కంటితో చూస్తే అచ్చం అలాగే ఉండకపోవచ్చు, కానీ రంగు మారిన చోట అక్కడి వెలుగులో నిజంగానే తేడా ఉంటుంది. అందుకే సోఫాకి నప్పాలని రంగులు మార్చిన ప్రింట్లు కొనొద్దని గట్టిగా చెబుతాను.

ఇక ప్రింటు. నాసా, ఈసా (యూరప్ అంతరిక్ష సంస్థ) హబుల్ సైట్లలో దొరికే అతిపెద్ద ఫైల్ దించుకోండి, వీలైతే నాణ్యత తగ్గని టిఫ్ రకం ఫైల్. ఇంట్లో పెట్టుకోవడానికి డబ్బు కట్టక్కర్లేదు. వెడల్పు పిక్సెళ్లను ప్రింటు అంగుళాలతో భాగించండి. 150 వస్తే హాల్లో దూరం నుంచి చూడటానికి చాలు, దగ్గరగా చూసేదైతే 300 ఉండాలి. 3,600 పిక్సెళ్ల ఫైల్ 24 అంగుళాలకు సరిపోతుందన్నమాట. తక్కువైతే ప్రింటు సైజు తగ్గించండి. ఏఐతో పెద్దది చేయిస్తే లేని చుక్కలూ పోగులూ పుట్టుకొస్తాయి.

కాగితం మ్యాట్‌దే తీసుకోండి. ఈ ఫోటోల్లో నలుపు ఎక్కువ, నిగనిగలాడే కాగితం మీద ట్యూబ్‌లైటూ కిటికీ తప్ప ఏమీ కనబడవు. కాన్వాస్ నేతలో చిన్న నక్షత్రాలు మాయమైపోతాయి. స్క్రీన్ మీద కనబడే పలుచని ధూళి పొరలు ప్రింటులో నలుపులో కలిసిపోతుంటాయి. అందుకే అంచు భాగాన్ని చిన్న ముక్కగా ప్రింటు తీయించి, ఆ గోడ దగ్గరే పెట్టి చూసి, అవసరమైతే నీడల్ని కాస్త తేలిక చేయించండి. నేరుగా ఎండ పడే గోడ మాత్రం వద్దు.

1990లలోని కొన్ని హబుల్ ఫోటోల్లో ఒక మూల మెట్లుమెట్లుగా నల్లగా ఉంటుంది. కెమెరాలోని నాలుగు డిటెక్టర్లలో ఒకటి చిన్న భాగాన్ని మరింత వివరంగా తీసేది, దాన్ని మిగతావాటి కొలతకు కుదిస్తే ఆ మూల ఖాళీగా మిగిలేది. ప్రింటు షాపువాళ్లు దాన్ని కత్తిరించేస్తామంటారు, ఒప్పుకోకండి. ఫోటోని ఎటు తిప్పి వేలాడదీసినా తప్పులేదు, కుడి ఎడమలు తారుమారు కాకుండా మాత్రం చూసుకోండి.