విశ్వానికి నడిబొడ్డు ఎక్కడ?

ప్రశ్న: మాస్టారూ, మాది కాశీనగర్. చదివేది ఒడియా మీడియంలో తొమ్మిది, ఇంట్లో తెలుగే. గెలాక్సీలన్నీ మన నుంచి దూరంగా పోతున్నాయట కదా, అయితే మనమే మధ్యలో ఉన్నట్టా? లేకపోతే విశ్వానికి మొదలైన ఆ బిగ్ బ్యాంగ్ జరిగిన చోటు ఎటువైపుంది?

జవాబు: బాబూ, అన్నీ పోతున్నాయన్నది సగం సంగతే. ఎంత దూరాన ఉంటే అంత జోరుగా పోతున్నాయి. 1929లో ఖగోళ శాస్త్రవేత్త హబుల్ చూపించింది అదే. కాంతి ఏడాదిలో పోయే దూరమే కాంతి సంవత్సరం; దూరం 32.6 లక్షల కాంతి సంవత్సరాలు పెరిగితే వేగం సెకనుకు సుమారు 70 కిలోమీటర్లు పెరుగుతుంది.

మీ రైలు లైనే తీసుకో. టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం. లెక్క సులువుగా ఉండటానికి స్టేషన్‌కీ స్టేషన్‌కీ మధ్య 10 కిలోమీటర్లే అనుకుందాం. గంటలో పట్టాలు సాగి ప్రతి 10 కాస్తా 20 అయ్యాయి. కాశీనగర్ ప్లాట్‌ఫారం మీద నిలబడి చూస్తే పర్లాకిమిడి గంటలో 10 కిలోమీటర్లు జరిగింది, పాతపట్నం 20 జరిగింది. నువ్వు మాత్రం ఉన్నచోటే ఉన్నావు. పాతపట్నంలో మీ మావయ్య ఉంటే ఫోన్ చేసి అడుగు. పర్లాకిమిడి 10 జరిగింది, మీ కాశీనగరే 20 జరిగిందిరా అంటాడు. ఇద్దరిదీ ఒకటే లెక్క, ఇద్దరిలో ఎవరూ మధ్యలో లేరు. అయితే రైలు లైనుకు రెండు కొసలున్నాయి, విశ్వానికి కొస ఇంతవరకూ ఎవరికీ కనబడలేదు. కాబట్టి పోలికను ఇక్కడే వదిలేయ్.

ఇక బిగ్ బ్యాంగ్. చీకట్లో ఒకచోట బాంబు పేలినట్టు బొమ్మ వేసే పుస్తకాలంటే నాకు నిజంగా కోపం. పిల్లల బుర్రలో ఆ బొమ్మ ఓసారి దిగితే తీయడం కష్టం. 1380 కోట్ల ఏళ్ల కిందట ఖాళీ జాగాలో ఏదో ఒక మూల పేలుడు జరగలేదు. ఉన్న జాగా అంతా విపరీతమైన వేడితో కిక్కిరిసి ఉండేది, ఆ జాగాయే సాగుతూ వచ్చింది. నువ్వు ఈ ఉత్తరం రాసిన చోటూ అందులోదే. కాబట్టి ఫలానా వైపు అని చూపించడానికి ఏమీ లేదు.

దీనికి రుజువుంది. అప్పటి వేడి తాలూకు మిగులు 1965లో పెంజియాస్, విల్సన్ అనే శాస్త్రవేత్తల రేడియో యాంటెన్నాకు దొరికింది. ఇప్పుడది సున్నాకు 270 సెల్సియస్ డిగ్రీల దిగువన ఉంది. మన సొంత కదలిక వల్ల వచ్చే తేడా తీసేస్తే, ఆకాశంలో ఎటు చూసినా లక్షలో ఒక వంతు తేడాతో ఒకేలా ఉంటుంది. ఒకచోట పేలి ఉంటే ఆ వైపు వేడి వేరుగా కనబడాలి కదా!

ఒక జాగ్రత్త. కార్తీకంలో రాత్రి ఎనిమిదింటికి, వెన్నెల లేనప్పుడు, పెద్దవాళ్లను తోడు తీసుకుని వంశధార ఒడ్డుకెళ్లు. నడినెత్తికి కాస్త ఉత్తరాన మసక మరకలా కనబడేది ఆండ్రోమెడా గెలాక్సీ, 25 లక్షల కాంతి సంవత్సరాల దూరం. అది పోవడం లేదు, సెకనుకు సుమారు 110 కిలోమీటర్ల వేగంతో మన గెలాక్సీ వైపే వస్తోంది. ఇంత దగ్గరలో గురుత్వాకర్షణదే పైచేయి. పరీక్షలో దూరమయ్యే గెలాక్సీకి ఉదాహరణ అడిగితే దీని పేరు రాయకు.