కాగితం మీద తెగిన కాపురం

ప్రశ్న: అయ్యా, మాది కావలి దగ్గర పల్లె. మా అమ్మాయికీ అల్లుడికీ రెండేళ్లుగా పడటం లేదు. పెద్దమనుషుల పంచాయితీ తేలక స్టేషనుకు వెళితే, అక్కడ ‘ఇక ఎవరి దారి వారిది, బిడ్డ తండ్రి దగ్గర’ అని తెల్లకాగితం మీద రాయించి ఇద్దరి చేతా సంతకాలు పెట్టించారు. మనవడికి నాలుగేళ్లు. రొయ్యల గుంటలు లీజుకు చేసే అల్లుడు తనకు ఆదాయమే లేదంటున్నాడు. ఆ కాగితం చెల్లుతుందా? ఇంటి గొడవలో ప్రభుత్వం ఎంతవరకు కలుగజేసుకోవచ్చు?

జవాబు: ఆ కాగితం విడాకుల డిక్రీ కాదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం వివాహాన్ని రద్దు చేయవలసింది కోర్టు. కులాచారపు విడాకులను చట్టం కాదనకపోయినా, అటువంటి ఆచారం ఉందని రుజువు చేయవలసిన భారం దానిని చెప్పుకొనేవారిదే. పోలీసులు నేరం జరిగిందా లేదా అన్నది విచారించగలరు గాని, బిడ్డ ఎవరి దగ్గర పెరగాలో తీర్పు చెప్పలేరు. 1956 నాటి మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ప్రకారం అయిదేళ్లు నిండని బిడ్డ సాధారణంగా తల్లి దగ్గరే ఉండాలి. మనవడికి నాలుగేళ్లన్నారు కనుక ఈ విషయంలో ఆలస్యం చేయవద్దు.

ఇక రెండో ప్రశ్న. కాపురం నిలవాలా, విడిపోవాలా అన్నది ఆ ఇద్దరూ తేల్చుకోవలసిన మాట అని నా అభిప్రాయం. 1984 నాటి చట్టం కుటుంబ న్యాయస్థానాలను మొదట రాజీకి ప్రయత్నించమన్నది నిజమే. అయితే రాజీ చేయడమంటే సంతకం పెట్టేదాకా కూర్చోబెట్టడం కాదు. (‘సర్దుకుపోమ్మా’ అనే మాట మన పంచాయితీల్లో ఎక్కువగా ఎవరి వైపు తిరిగి అంటారో మీకు తెలియనిది కాదు.) తగవు తేలేలోపు తల్లీబిడ్డలు తిండికి ఇబ్బంది పడకుండా చూడటం మాత్రం ప్రభుత్వం తప్పించుకోరాని పని. అందుకే భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన చట్టం) 144వ సెక్షన్, మధ్యంతర భరణం, అంటే కేసు తేలేదాకా ఇవ్వవలసిన పోషణ ఖర్చు, దరఖాస్తును అవతలివారికి నోటీసు అందిన 60 రోజుల్లో సాధ్యమైనంతవరకు తేల్చమంటుంది. భరణం కేసుల్లో ఉభయులూ ఆస్తులు, అప్పులు, ఆదాయం వివరిస్తూ ప్రమాణపత్రం దాఖలు చేయాలని సుప్రీంకోర్టు 2020లో ఆదేశించింది. గుంటల ఆదాయానికి జీతపు చీటీ ఉండదు. లీజు కాగితాలు, మేత కొట్టు ఖాతాలు, సరుకు అమ్మిన బిల్లులు, బ్యాంకు లెక్కలు ఉంటాయి. వాటిని రప్పించమని మీ న్యాయవాది కోర్టును కోరవచ్చు.

అమ్మాయిని నెల్లూరులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తీసుకువెళ్లండి. ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. 15100కు ఫోను చేసినా దారి చెబుతారు. వెళ్లేటప్పుడు ఆ తెల్లకాగితం నకలు, మనవడి జనన ధ్రువపత్రం మరచిపోవద్దు.