ఉప్పునీటి అక్వేరియం పొర్లు పైపులు: తూముకు వాల్వు ఉండవచ్చు, అలుగుకు ఉండకూడదు

మీ తొట్టి నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉందని, మూలనున్న పొర్లు గది (పైమట్టం నీరు పొర్లి పడే చిన్న అర) అడుగున ఒక అంగుళం రంధ్రం, ముప్పావు అంగుళం రంధ్రం ఉన్నాయని రాశారు. పెద్దదాని గుండా నీరు తొట్టి కింద ఉండే రెండో తొట్టి, అంటే సంప్‌లోకి దిగుతోంది, చిన్నదాని గుండా పంపు దాన్ని తిరిగి పైకి ఎత్తుతోంది. రాత్రంతా వచ్చే గుడగుడ శబ్దాన్ని ఆపడానికి దిగే పైపుకు బాల్ వాల్వు పెట్టి కొంచెం మూయవచ్చా అని అడిగారు. దయచేసి ఆ పని చేయకండి. దిగే పైపు ఒక్కటే ఉన్నప్పుడు దానికి వాల్వు పెట్టడం చాలా ప్రమాదం.

తెరిచి ఉన్న పైపులో నీటితోపాటు గాలి కూడా దిగుతుంది. మీకు వినిపించే గుడగుడ ఆ గాలిదే. వాల్వు కొంత మూస్తే పైపు పూర్తిగా నీటితో నిండి, గాలి చొరబడే సందు లేక సైఫన్ ఏర్పడుతుంది, శబ్దం నిజంగానే ఆగిపోతుంది. అయితే పంపు ఎత్తే నీరు, సైఫన్ దించే నీరు ఎప్పుడూ చుక్క తేడా లేకుండా సమానంగా ఉండవు. సైఫన్ కొంచెం ఎక్కువ లాగితే మళ్లీ గాలి పీలుస్తుంది, కొంచెం తక్కువ లాగితే పొర్లు గదిలో మట్టం పెరుగుతూ పోతుంది. ఆ పైన ఒక నాచు ముక్క వాల్వు సందులో ఇరుక్కుంటే నీటికి నేల తప్ప వేరే దారి ఉండదు.

మన ఊరి చెరువుల్లో తూము వేరు, అలుగు వేరు. తూము నుంచి కావలసినంత నీరు కొలిచి వదులుతారు. అలుగు మాత్రం మామూలుగా తెరిచే ఉంటుంది, మట్టం మించిన నీరు దానంతటదే పారిపోతుంది. మీ తొట్టికి కావలసిన ఏర్పాటు కూడా ఇదే. ఈ అభిరుచి ఉన్నవారు దీన్ని హెర్బీ పద్ధతి అంటారు. ఒక పైపు వాల్వుతో సైఫన్‌గా పనిచేస్తుంది, రెండోది వాల్వు లేకుండా ఖాళీగా, కాస్త ఎత్తులో నిలబడి ఉంటుంది. మూడు రంధ్రాలు ఉంటే బీన్ యానిమల్ పద్ధతి ఇంకా నమ్మకమైనది, కానీ మీకున్న రెండు రంధ్రాలతోనే పని జరుగుతుంది కాబట్టి నీళ్లు నిండిన తొట్టికి కొత్తగా రంధ్రం వేయించే ఆలోచన పెట్టుకోకండి.

హైదరాబాదులో మా ఫ్లాటులో ఉన్నదీ సరిగ్గా మీ కొలతల తొట్టే. పంపు పైపును రంధ్రంలోంచి తీసేసి, తొట్టి వెనుక అంచు మీదుగా లోపలికి వంచాను. ఖాళీ అయిన ముప్పావు అంగుళం రంధ్రాన్ని సైఫన్‌కు, అంగుళం రంధ్రాన్ని అలుగుకు కేటాయించాను. పెద్ద పైపును అలుగుకు ఇవ్వడం వింతగా అనిపించవచ్చు. నిండుగా పారే సైఫన్ చిన్న పైపులో కూడా చాలా నీరు మోస్తుంది, ఆపద సమయంలో మొత్తం భారం మోయవలసిన దారి మాత్రం విశాలంగా ఉండాలి. మా పంపు 15 లీటర్ల బకెట్టును 30 సెకన్లలో నింపుతుంది, అంటే గంటకు 1,800 లీటర్లు. ముప్పావు అంగుళం సైఫన్ దాన్ని వాల్వు కొంత మూసి ఉండగానే దించుతోంది. మీరు కూడా డబ్బా మీద రాసిన అంకెను నమ్మకుండా బకెట్టుతోనే కొలవండి, ఎందుకంటే ఎత్తు పెరిగేకొద్దీ పంపు పంపే నీరు తగ్గుతుంది.

వాల్వు విషయంలో ఒక జాగ్రత్త ఉంది. బాల్ వాల్వు వెంట్రుకవాసి తిప్పినా ప్రవాహం చాలా మారిపోతుంది కాబట్టి చక్రం తిప్పుతూ కొద్దికొద్దిగా మూసే గేట్ వాల్వే కావాలి. కానీ మన హార్డ్‌వేర్ దుకాణాల్లో గేట్ వాల్వు అడిగితే ఎక్కువగా ఇత్తడిదో గన్‌మెటల్‌దో చేతిలో పెడతారు. రెండింటిలోనూ రాగి ఉంటుంది, అది ఉప్పునీటిలోకి దిగితే రొయ్యలు, నత్తలు, పగడాలు బతకవు. యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) గేట్ వాల్వు దొరికేదాకా ఆగండి. దాని పక్కనే ఒక యూనియన్ (విప్పి మళ్లీ బిగించగల జాయింటు) పెట్టించండి, లేకపోతే శుభ్రం చేయవలసిన రోజున పైపు కోయవలసి వస్తుంది. రంధ్రంలో పైపును బిగించే ట్యాంకు నిపుల్ కూడా ప్లాస్టిక్‌దే వాడండి. దాని రబ్బరు వాషరు నట్టు వైపు కాకుండా అంచు వైపు ఉండాలి.

సైఫన్ పైపు మూతిని పొర్లు గది నీటిమట్టానికి సుమారు 15 సెంటీమీటర్లు కింద, అలుగు పైపు మూతిని ఆ మట్టానికి కొద్దిగా పైన ఉంచాను. సైఫన్ కింది చివర సంప్ నీటిలో రెండు మూడు సెంటీమీటర్లకు మించి మునగకూడదు. ఇంకా లోతుగా ముంచితే కరెంటు తిరిగి వచ్చినప్పుడు పైపులోని గాలి బయటికి పోలేక సైఫన్ అందుకోదు. అలుగు చివరను మాత్రం కావాలనే నీటికి పైన ఆపాను. ఒక రాత్రి అది జలజలమని మోగడంతో లేచి చూస్తే, సైఫన్ మూతిలో నత్త ఒకటి కూరుకుపోయి ఉంది. నేల మీద చుక్క నీరు పడలేదు.

నాకు నష్టం జరిగింది అంతకుముందు, కరెంటు పోయినప్పుడు. పంపు ఆగగానే దాని పైపే వెనక్కి సైఫన్‌గా మారి, నాజిల్ (తొట్టిలో నీరు వదిలే పైపు మూతి) నీటి బయటికి తేలేదాకా తొట్టి నీటిని సంప్‌లోకి లాగుతుంది. మీ తొట్టి లోపలి కొలత 120 × 60 సెంటీమీటర్లయితే, ఒక్క సెంటీమీటరు మట్టం అంటే 7.2 లీటర్లు. అప్పట్లో నా నాజిల్ 8 సెంటీమీటర్ల లోతున ఉండేది, అంటే సుమారు 58 లీటర్లు. సంప్‌లో ఖాళీ 35 లీటర్లే. నీటిని వెనక్కి రానివ్వని చెక్ వాల్వు ఉందని, ఇన్వర్టర్ ఉందని ధైర్యంగా ఉన్నాను. ఒక మే నెల గాలివానకు రాత్రంతా కరెంటు లేక ఇన్వర్టర్ బ్యాటరీ అయిపోయింది. చెక్ వాల్వు రెక్కకు సున్నపు పెచ్చు కట్టి ఉండడంతో అది మూసుకోలేదు. ఇరవై లీటర్లకు పైగా ఉప్పునీరు హాల్లో పారి, కింది ఇంటివారి స్లాబులోకి ఇంకింది. వారికి రంగులు వేయించి ఇచ్చాను. ఇప్పటికీ ఆ మరక గుర్తొస్తే బాధగా ఉంటుంది.

ఇప్పుడు నాజిల్ 2 సెంటీమీటర్ల లోతునే ఉంది. తొట్టి నుంచి సుమారు 14 లీటర్లు, పొర్లు గది నుంచి మరో 6 లీటర్లు దిగినా సంప్ సులువుగా పట్టుకుంటుంది. గాలి పీల్చడానికి పంపు పైపుకు చిన్న రంధ్రం పెట్టమని కొందరు చెబుతారు, అది మంచిదే. కాని దాన్ని నాచు, సున్నం కొన్ని వారాల్లోనే పూడ్చేస్తాయి కాబట్టి అసలు రక్షణ నాజిల్ ఎత్తులోనే ఉండాలి.

పైపులు అతికించాక ఒక రోజు ఆరనిచ్చి, మామూలు నీటితో పరీక్షించండి. పంపు స్విచ్ పదిసార్లు ఆపి వేసి, ప్రతిసారీ సంప్ నిండకుండా ఆగుతోందో, సైఫన్ తనంతట తాను అందుకుంటోందో చూడండి. తర్వాత సైఫన్ మూతికి బిరడా పెట్టి అలుగు ఒక్కటే మొత్తం నీటిని దించగలదో చూడండి. చివరిగా రెండింటినీ మూసి, సంప్‌లో పంపు ఉండే అర, అంటే పంపు గది, ఖాళీ అయ్యేదాకా పంపును నడవనివ్వండి. మా పంపు గదిలో ఎత్తడానికి వీలైన నీరు 18 లీటర్లు, అంటే తొట్టిలో రెండున్నర సెంటీమీటర్లు, అంచు దాకా 4 సెంటీమీటర్ల ఖాళీ ఉంది కాబట్టి పొర్లదు. ఆవిరైన నీటిని నింపే ఆటోమేటిక్ పరికరం మీకుంటే ఈ లెక్కలో దాన్ని కూడా కలపండి. పంపు గదిలో మట్టం పడిపోగానే అది మంచినీటిని పోస్తూనే ఉంటుంది, తొట్టి పొర్లడమే కాకుండా ఉప్పు శాతం కూడా పడిపోతుంది. అందుకే దాని క్యాన్ 10 లీటర్లకు మించకుండా పెట్టుకున్నాను.